టొలెడోలో పావుగంట

రాధారాణి ముప్పై ఒక్కేళ్ళు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పింది. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, మూడింటికీ ఆమె గొంతే. ఇంట్లో మాత్రం తాతలు టెక్కలి వైపునుంచి తెచ్చుకున్న తెలుగు. బండి తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద ఏడ్చేవాళ్ళని రోజూ చూసీ చూసీ, తను ఎక్కడికెళ్ళాలన్నా గంట ముందే తయారయ్యేది.

స్నేహితురాలు డయానాకి ఆ కంగారు లేదు. ఖరగ్‌పూర్‌లోనే ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగారిద్దరూ. డయానా బళ్ళో సంగీతం చెప్పేది, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేది. గోడెత్తు గొట్టాలుండే పెద్ద ఆర్గాన్‌ని ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలని ఆమె కోరిక.

రిటైరయ్యాక ఇద్దరూ ఒక టూరు బృందంతో స్పెయిన్ వెళ్ళారు. మాడ్రిడ్ నుంచి ఒకరోజు టొలెడో. మూడు వైపులా నది చుట్టుకున్న కొండ, దానిమీద పాత రాతి ఊరు. ఎక్కుడు సందుల్లో ఆయాసపడుతూ తిరిగి, పెద్ద చర్చికి చేరేసరికి మూడున్నర. నాలుగింటికల్లా బస్సు దగ్గరుండాలన్నాడు గైడు.

లోపల ఎవరో ఆర్గాన్ సాధన మొదలుపెట్టారు. డయానా బెంచీ మీద కూలబడి కళ్ళు మూసుకుంది.

"లేవే, టైమైపోతంది," అంది రాధారాణి.

"పావుగంటే, రాధా. ఇప్పుడే కదా మొదలెట్టినారు."

"బస్సెల్లిపోతే ఈ దేశంలో ఏటి సేస్తాం?"

"ఎల్లదు. ఎవులో ఒకరు లేటుగా వస్తారు, సూడు."

రాధారాణి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. గుమ్మం దాటేదాకా డయానా వెనక్కి చూస్తూనే నడిచింది.

బృందంలోంచి కత్తుల దుకాణానికెళ్ళిన భార్యాభర్తలు దారి తప్పడంతో బస్సు అయిదింటికి గాని కదల్లేదు. ఆ గంటా డయానా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తన మనసులో బరువు అప్పుడే పోయేదని రాధారాణి ఇప్పటికీ అనుకుంటుంది.

రెండేళ్ళకి డయానాకి చెవుడొచ్చింది. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గాని, పాట మాత్రం గరగరే. మొన్న ఊళ్ళోనే మలంచా పేటలో ఆమె ఇంటికెళ్ళినప్పుడు రాధారాణి ఉండబట్టలేక అడిగేసింది.

"ఆరోజు నిన్ను లాక్కొచ్చేసినాను. నామీద కోపముందేటే?"

డయానా చెవి మిషను సర్దుకుంది.

"కోపం కాదే. ఆ పాట నాకు తెలీనిది. ఎలా ముగిసిందో అని అప్పుడప్పుడు అనుకుంటాను, అంతే."

రాధారాణి చేతిలో టీ చల్లారిపోయింది. వెళ్ళొస్తానని లేచి, ఆటోలు పిలుస్తున్నా ఎక్కకుండా, టైము చూసుకోకుండా నడుచుకుంటూ ఇంటికెళ్ళింది.