మెండెల్ గారి చుట్టరికాలు

ప్లెయిన్స్‌బరోలో మెండెల్ గారి కంటబడ్డవాడెవడూ ఆయనకు చుట్టం కాకుండా తప్పించుకోలేడు. పోలండ్‌లో పుట్టి, యుద్ధం తరిమితే అమెరికా చేరిన యూదు పెద్దాయన. తొంభై దాటాయి. మనిషి కనబడగానే ముక్కో చెవులో పట్టుకుని తన వంశంలో కలిపేసుకుంటాడు.

పక్క అపార్ట్‌మెంట్‌లో కూతురి దగ్గరుండే లక్ష్మీపతి మొదటిరోజే పార్కింగ్‌లో దొరికిపోయాడు.

"ఆగవయ్యా! ఆ చెవులు మా హెర్షెల్ బాబాయివి కదూ?"

"మాది తెనాలండీ."

"అయితే ఏం? మా బాబాయి బాగా తిరిగేవాడు."

హెర్షెల్ చెవులు సామాన్యమైనవి కావట. గాలి వీస్తే ఆయన నడవక్కర్లేదు, చెవులే బజారుకు తీసుకెళ్ళేవట. ఫ్రూమా అత్త గొంతెత్తితే పక్క ఊళ్ళో ఆవులు పాలు చేపడం మానేసేవట. యుద్ధానికి ముందు ప్రతి శుక్రవారం సాయంత్రం వీళ్ళంతా ఒకే బల్ల చుట్టూ చేరి, చేపల వంటకంలో చక్కెర వేయాలా మిరియాలు వేయాలా అని కొట్టుకునేవారట.

లక్ష్మీపతికి ఇదంతా సరదాయే గానీ, అబద్ధమంటే హడలు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ స్కేలు తిరగేసి వేళ్ళ కణుపుల మీద నేర్పిన నిజం ఇంకా మండుతూనే ఉంది.

ఆ కాంప్లెక్సులో మనవాళ్ళు ఎదురుపడితే ముందు "గ్రీన్ కార్డ్ ఎంతవరకు వచ్చింది?" అంటారు. పేరు తర్వాత, గుర్తొస్తే. మెండెల్ గారు మాత్రం కింది వాటాలోని నిండు గర్భిణి మైత్రిని చూడగానే "అచ్చం మా ఫ్రూమా అత్త గడ్డం!" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె ఆయన మనవరాలు.

మైత్రి భర్త అఖిల్ వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. ఇక్కడ ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. వాట్సాప్ గ్రూపులో దండాలు పెట్టే బొమ్మలు వానలా కురిశాయి. ఆమెతో క్యాబ్ ఎక్కింది మాత్రం ఈ ఇద్దరు ముసలాళ్ళే.

ఆస్పత్రిలో నర్సు ఆపింది. "లోపలికి కుటుంబసభ్యులే రావాలి. మీరు ఏమవుతారు?"

"అంకుల్, ప్లీజ్, నన్ను ఒక్కదాన్నే వదిలేసి వెళ్ళకండి," మైత్రి లక్ష్మీపతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేము... అంటే... నైబర్స్..."

"తాతని!" అన్నాడు మెండెల్.

నర్సు ఆయన తెల్లటి మొహాన్నీ మైత్రి చామనఛాయనీ మార్చి మార్చి చూసింది.

"ఆ గడ్డం చూడమ్మా! మా ఫ్రూమాదే!"

"అవును, మా గ్రాండ్‌పా," అంది మైత్రి, పళ్ళు బిగబట్టి. నర్సు ఆమె చక్రాల కుర్చీని లోపలికి తోయించింది.

"మరీ ఇంత అబద్ధమా అండీ?" గొణిగాడు లక్ష్మీపతి.

"యుద్ధంలో మా వాళ్ళందర్నీ పట్టుకుపోయాక రైల్వేస్టేషన్‌లో ఒక జర్మన్ సిపాయి నన్ను ఆపాడు. 'ఎవరి పిల్లాడు వీడు?' అన్నాడు. నేనెన్నడూ చూడని ఒకావిడ 'మా అక్క కొడుకు. ముక్కు కనబడటం లేదా?' అని సిపాయినే కసిరింది. ఆవిడ నిజం చెప్పి ఉంటే నీకు ఈ చెవుల గోల ఉండేది కాదు."

నర్సు తిరిగొచ్చింది. "తాతగారూ, రండి. మరి ఈయన?"

కాన్వెంటు సిస్టర్ స్కేలు లక్ష్మీపతి కళ్ళముందు గాల్లోకి లేచింది. వేళ్ళు జేబులో దాచుకున్నాడు.

"ఈయన బాబాయి కొడుకుని. చెవులు కనబడటం లేదా?"