బిడ్డ ముఖం కంటే ముందు గుక్కెడు నీళ్లు

ఆ రోజు రియాద్‌లో ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూమ్ గోడలకు టైల్స్ వేస్తున్నాను. పొద్దున బూట్లు తొడుక్కునేటప్పుడే పాదాలు తిమ్మిరెక్కినట్టు అనిపించింది. నాలుగడుగులు వేస్తే పోతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చింది. సాయంత్రం కంపెనీ బస్సు మెట్టు ఎక్కబోతే కాలు లేవలేదు. వెనకున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

బస్సు నడిపే మస్తాన్ భాయ్ మాత్రం నవ్వలేదు. ఆయనది కడప జిల్లా, మాది నిర్మల్ దగ్గర పల్లె. కంపెనీ పనివాళ్ల క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది.

"ఏమైనాది గంగాధరూ, కాలు ఈడుస్తాండావే?"

"ఏం లేదు భాయ్, తిమ్మిరి వట్టింది. పండుకుంటె పోతది."

మరునాడు క్లినిక్‌లో బలహీనత అని చెప్పి విటమిన్ గోలీలు ఇచ్చారు. అంతకుముందు విరేచనాలతో బాధపడ్డ సంగతి వాళ్లు అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఆ తర్వాతి రోజు ఉదయం మంచం దిగబోయి కింద పడ్డాను. చేతులు ఆనించి లేద్దామంటే చేతుల్లోనూ బలం లేదు. మస్తాన్ భాయ్ నన్ను భుజాన వేసుకుని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు.

అక్కడి న్యూరాలజిస్ట్ పాకిస్తానీ. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. ఆయన ముఖం మారింది. "తిమ్మిరి కింది నుంచి పైకి పాకిందా?" అని ఉర్దూలో అడిగాడు. అవునన్నాను. వెన్నులోంచి నీరు తీశారు. నరాలకు కరెంటు పెట్టి చూశారు. గిలియన్ బారీ సిండ్రోమ్ అని తేల్చారు. విరేచనాల్లాంటివి తగ్గాక ఒక్కోసారి ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున నరాల మీద దాడి చేస్తుందట.

"చాలామందికి నయమవుతుంది. కానీ ముందు ఇంకా దిగజారుతుంది. ఎక్కడ ఆగుతుందో ఇప్పుడు చెప్పలేను," అన్నాడు డాక్టర్.

ఐవీఐజీ అనే మందు సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. డాక్టర్ వచ్చినప్పుడల్లా ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవాడు. ప్రతిసారీ ముందటి కంటే చిన్న అంకె దగ్గరే ఆగిపోయేవాణ్ని. ఆయన అడుగుల చప్పుడు వినగానే ఊపిరి కూడగట్టుకుని సిద్ధంగా ఉండేవాణ్ని, ఏదో పరీక్ష గట్టెక్కాలన్నట్టు. ఒకసారి పదికి కూడా చేరలేదు. ఆయన నర్సు వైపు తిరిగి, "ఐసీయూ" అన్నాడు.

గొంతులో గొట్టం దించి వెంటిలేటర్ పెట్టారు. కనురెప్పలు తప్ప ఏదీ కదలదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. మిషన్ ఆగిపోతుందేమోనని కళ్లు మూయాలంటే భయం.

ఊరి నుంచి నా భార్య లక్ష్మి వీడియో కాల్ చేసింది. మస్తాన్ భాయ్ ఫోన్‌ను నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. మా అమ్మాయి శ్రావణి "బాపూ, జల్ది లే" అంది.

"బిడ్డ మొకం జూడు. దీని కోసమన్న ధైర్నంగుండు," అంది లక్ష్మి.

నేను సౌదీ వచ్చిందే ఆ పిల్ల కోసం. ఇన్నేళ్లూ ఎండలో నాచేత పనిచేయించింది ఆ ముఖమే. అయినా ఆ క్షణంలో దాన్ని చూస్తుంటే నాలో ఏమీ కదల్లేదు. నాలుక ఎండి అంగిలికి అతుక్కుపోయింది. గుక్కెడు నీళ్లు తప్ప నాకింకేమీ అక్కర్లేదు. ఫోన్ పక్కన పెట్టేస్తే బాగుండనిపించింది. ఆ ఆలోచన నన్ను జబ్బు కంటే ఎక్కువ భయపెట్టింది. నా లోపలి మనిషి అప్పుడే చచ్చిపోయాడా అనుకున్నాను.

ఊపిరి కాస్త బలపడ్డాక గొట్టం తీశారు. మింగే కండరాలు ఇంకా పనిచేయడం లేదు కాబట్టి నోటితో చుక్క నీరు కూడా ఇవ్వొద్దన్నారు.

"భాయ్, ఒక్క చెంచెడు నీళ్లియ్యి. ఎవ్వలు జూస్తలేరు."

"ఇయ్యను. ఊపిరితిత్తుల్లోకి పోతాయంట."

"నీకు దండం వెడ్త."

"అట్లనొద్దు గంగాధరూ."

తిట్టాను. నా పాలిటి దుష్మన్‌వి నువ్వే అన్నాను. గొంతు పెగలక తిట్లన్నీ గుసగుసలే అయ్యాయి. ఆయన నా నోటి దగ్గర చెవి పెట్టి మరీ విన్నాడు. "ఇంకా తిట్టు. నీళ్లు మాత్రం ఇచ్చేది లే," అని తడిగుడ్డతో నా పెదాలు తుడిచాడు.

అంత జాగ్రత్తపడినా నా ఉమ్మే పొలమారి న్యుమోనియా వచ్చింది. మళ్లీ వెంటిలేటర్. ఈసారి గొంతుకు చిన్న రంధ్రం చేసి గొట్టం అందులోంచి పెట్టారు. జ్వరం తగ్గి మాట తిరిగాక, బిడ్డను చూసినా ఏమీ అనిపించలేదన్న సంగతి డాక్టర్‌కు చెప్పాను.

"ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఊపిరి, నీళ్లు, నిద్ర, ముందు వీటి సంగతి చూద్దాం. మిగతావి వాటంతటవే వస్తాయి," అన్నాడాయన.

మింగగలనో లేదో చూసే స్వాలో టెస్ట్ పాసైన రోజు, పొడి కలిపి జావలా చిక్కగా చేసిన నీళ్లు చెంచాతో పట్టారు. మింగాను. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి శ్రావణి మీద బెంగతో ఏడుపొచ్చింది. ఫోన్ కలపమని నేనే అడిగాను.

ఫిజియోథెరపీ మొదలైంది. అంతలో కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి, నా ఇకామా, అంటే సౌదీలో ఉండే పర్మిట్, గడువు ముగుస్తోందని, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఆలోచనలో ఉన్నారని చెప్పాడు. కూర్చోవడమైనా సరిగా రాని నేను ఊళ్లో ఏ ఆసుపత్రికి పోవాలి? మర్నాటి నుంచి వ్యాయామం మీద మనసే పోలేదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తేవాణ్ని కాదు. మస్తాన్ భాయ్ డ్యూటీ దిగగానే ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి చికిత్స పూర్తయ్యేదాకా ఇకామా కొనసాగిస్తామన్నారు. ఆ మాట విన్నాకే చెయ్యి లేచింది.

"ముందుగా ఏం సాధించాలని ఉంది?" అని ఫిజియోథెరపిస్ట్ మేడమ్ వచ్చీరాని హిందీలో అడిగింది. నడవాలంటానని అనుకుని ఉంటుంది. "టాయిలెట్‌కు ఒక్కణ్నే పోవాలి," అన్నాను. ఆమె నవ్వలేదు. మంచం నుంచి కుర్చీలోకి మారడం ఆ రోజే నేర్పించడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నడుస్తున్నాను. చీలమండల్లో బలం పూర్తిగా రాలేదు, పాదం వాలిపోకుండా పట్టి ఉంచే స్ప్లింట్ బూట్లలో ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేయలేను కాబట్టి, ఇకామా పొడిగించి నన్ను కంపెనీ స్టోర్‌లో సామాన్ల లెక్క చూసే పనిలో పెట్టారు. మొదట్లో అక్కడ కూర్చుంటే ఇంక నేను ఎందుకు పనికొస్తానో తెలిసేది కాదు. ఊపిరి, తిండి, నిద్ర, ఇకామా అన్నీ ఉన్నాయి, కానీ తెల్లవారితే లేవడానికి కారణం దొరికేది కాదు.

సెలవు రోజైన ఒక శుక్రవారం, మనవాడొకడు అక్కడున్నాడంటూ మస్తాన్ భాయ్ నన్ను అదే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన స్ట్రోక్‌తో పడి ఉన్నాడు. "ఏటీ తిననంటన్నాడండి. బతకాలని లేదంటన్నాడు," అని వాళ్ల తమ్ముడు గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముణ్ని బయటికి పంపి, ఏం ఇబ్బందిగా ఉందని అడిగి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన తడబడుతూ అన్నాడు: "తింటే మళ్లీ ఆ నర్సమ్మే కదండీ తుడవాల." నర్సుతో మాట్లాడి కమోడ్ కుర్చీ, చుట్టూ తెర పెట్టించాను. తర్వాతి వారం వెళ్లేసరికి అన్నం తింటున్నాడు. ఎప్పుడు నడుస్తానని నన్నే అడిగాడు. అప్పటి నుంచి ఏదో ఒక మంచం దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. వారమంతా శుక్రవారం కోసం ఎదురుచూస్తున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా మంచం పడితే, పిల్లల కోసమైనా ధైర్యంగా ఉండమని చెప్పే ముందు ఒక పని చేయండి. దాహంగా ఉందా, ఎక్కడైనా ఒత్తుకుంటోందా, నిద్ర పట్టిందా, బాత్‌రూమ్‌కు వెళ్లాలా అని అడగండి. అడిగాక, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.