ఆండాలు నిమ్మతొక్కల నీళ్లు

సంతోష్‌నగర్ బట్టల కాంప్లెక్సు తుడిచే మా గల్లీ ఆండాలు దిష్టి నిమ్మకాయలతోని నేల కడుగుతదని, అందుకే అక్కడ బేరాలు పడిపోయినయని మా ఉప్పుగూడ దాకా లొల్లి పాకింది. దుకాణం ముంగట శనివారం కట్టి, వాడిపోయినంక రోడ్డు మీద పడేసే నిమ్మకాయను మనం తొక్కను గూడ తొక్కం. అసొంటిది ఏరుకొస్తదా? కాంప్లెక్సు మాలిక్ అమరనాథ్ సేఠ్ ఆమెను పనిలకెల్లి తీసేస్తనన్నడట. ఇంట్ల నాకు కూర్చోబుద్ధి కాలే. నా కండ్లతోని సూద్దామని పోయిన.

కాంప్లెక్సు మేడ మీద ఆండాలు పక్కన నీలం డ్రమ్ము ఉన్నది. అడగకుండనే మూత తీసిన. నిమ్మ, బత్తాయి తొక్కలు బెల్లం నీళ్లల్ల ఊరుతున్నయి. పక్కన బకెట్ల కుంకుడు రసం.

"గివన్ని యాడివే, ఆండాలూ?"

"తొక్కలు మున్నాభాయ్ జ్యూస్ బండివి, అక్కా. ఫినాయిల్‌కు చేతులు పొక్కుతున్నయి, దగ్గు ఆగుతలేదు. గందుకే వీటితోని నేల కడుగుతున్న. కుంకుళ్లు మా అమ్మ నేర్పింది. తొక్కల సంగతి మా బిడ్డ అమల ఫోన్ల సూపెట్టింది."

ఆ కుంకుడు వాసనకు నేను ఆడనే కూసున్న. ఆండాలు కొత్తకోడలై మా గల్లీకి వచ్చిన దినాలు యాదికొచ్చినయి. వాళ్లకు బర్రెల కొట్టం ఉండె. పాల గిన్నెలు అత్త బూడిదతోని తోమించేది, మెరవకుంటే మళ్ల తోమించేది. ఆదివారమొస్తే ఇంటింట కుంకుళ్లు కొట్టే సప్పుడు, కండ్లు మండుతున్నయని పిల్లల ఏడుపు. తలలకు పోసుకోంగ మిగిలిన రసంతోని వాకిలి బండలు కడిగేటోళ్లం. ఉత్త కాళ్లతోని నడిస్తే బండ కిర్రుమనేది. కొట్టం పోయింది, బర్రెలు పోయినయి. మొగడు గూడ పోయినంక ఆండాలు ఈ కాంప్లెక్సుల చీపురు పట్టింది.

ఆమె చెయ్యి పట్టుకొని కింద దుకాణంల సేఠ్ కూసునే గద్దె కాడికి దిగిన. తొక్కల సంగతి చెప్పిన.

"తొక్కలు సరే, పెద్దమ్మా," అన్నడు సేఠ్. "దిష్టి నిమ్మకాయ ఎత్తుకోంగ సూసినోళ్లున్నరు."

నేను ఆండాలు దిక్కు తిరిగిన. "మొకం మీద జెప్పు. ఎత్తుకున్నవా, లేదా?"

ఆండాలు కొంగు నడుముల దోపుకున్నది.

"ఎత్తుకున్న, ఒక్కపారి. మీ దుకాణం ముంగటిదే, సేఠ్. ఆ దినం మున్నాభాయ్ బండి పెట్టలే. దాంతోనే మీ తలుపు ఇత్తడి పిడి తోమిన. ఆ పిడి సూసే గదా, మస్తు మెరుస్తుందని మీరే నాకు చాయ్ తాపిచ్చిన్రు."