రెండు పెట్టెల నడుమ పొట్టి వైరు

నా పెనిమిటి భద్రాచలంలో ఒక దవాఖానాలో అటెండరు. ఆయన పోయాక అక్కడే ఊడ్చే పని నాకిచ్చారు. పర్మినెంటు కాదు, వద్దంటే ఆ రోజే ఆఖరు. పొద్దున్నే బూర్గంపాడు వైపు నుంచి వంతెన దాటి వచ్చి, కంప్యూటర్ల గది తాళం తీసేది నేనే.

ఆ ఏడు ఖమ్మం నుంచి ఒక ఇంజినీరు వచ్చి ఆ గదిలో ఒకేలాంటి రెండు పెట్టెలు బిగించాడు. బయటి నెట్టు లోపలికి రావాలంటే వాటిని దాటాలట. ఫైర్‌వాల్ అన్నాడు.

"రెండెందుకు బిడ్డా?"

"ఒకటి పని చేస్తది, ఇంకోటి చూస్తుంటదమ్మా. మొదటిది ఆగితే రెండోది అందుకుంటది. నడుమ ఈ పొట్టి వైరుంది చూడు, దీంట్లకెళ్లి 'ఉన్నవా?' 'ఉన్న' అని ఒకదాన్నొకటి అడుగుతుంటయి."

చూపిద్దామని మొదటిదాని కరెంటు తీసేశాడు. చీటీలు రాసే కౌంటర్లో పని ఆగలేదు, ఎవరూ తలెత్తలేదు. నేను పనిలో చేరిన నాడు మాత్రం అందరూ తలెత్తి చూశారు.

దసరా ముందు రోజు యంత్రాలన్నీ తుడిచి బొట్లు పెట్టడం మా దవాఖానా ఆనవాయితీ. తుడిచేది నేను, బొట్టు పెట్టేది పెద్ద నర్సమ్మ. ఆ వేళ బొట్టు లేని నేను గదిలో ఉండకూడదని ఎవరూ అనలేదు. అనకముందే తప్పుకోవడం నాకు అలవాటైంది. పొట్టి వైరు తీసి దాని వెనక దుమ్ము తుడుస్తుంటే వరండాలో నర్సమ్మ గాజుల చప్పుడైంది. గుడ్డ, బకెట్టు పట్టుకుని గబగబా బయటపడ్డాను. వైరు బల్ల మీదే ఉండిపోయింది.

కాసేపటికి కంప్యూటర్లు ఆగాయి. చీటీల వరుస గేటు దాకా పోయింది.

"ఎవరు ముట్టిండ్రు?" సూపర్‌వైజర్ అరిచాడు.

"నేనే సారూ."

ఆయన నా దగ్గర తాళంచెవి తీసేసుకున్నాడు. "రేపటిసంది రాకు."

మధ్యాహ్నానికి ఇంజినీరు వచ్చి వైరు పెట్టగానే అన్నీ నడిచాయి.

"జవాబు రాకపోయేసరికి మొదటిది పోయిందనుకుని రెండోది కూడా పెత్తనానికొచ్చింది. ఒకే పనికి ఇద్దరైండ్రు, అంతా గందరగోళం," అన్నాడు. "తప్పు నాది సార్. ఒక్క వైరునే నమ్మిన. రెండు పెట్టాల్సింది."

ఇంకో వైరు బిగించి నా వైపు తిరిగాడు. "అమ్మా, ఒకటి తియ్యి."

తీశాను. కౌంటర్లో చీటీలు వస్తూనే ఉన్నాయి.

సూపర్‌వైజర్ తాళంచెవి బల్ల మీద నా వైపు నెట్టి, "ఏం చూస్తున్నవ్? పో, వరండా ఊడ్వు," అన్నాడు.

ఇప్పుడు ఏటా బొట్లు పెట్టే ఆ రోజు నేను తప్పుకోను. రెండు వైర్లూ చూసుకున్నాకే బయటికి వస్తాను. నర్సమ్మ కుంకుమ పళ్లెంతో వచ్చి, "ఇంకా ఉన్నవా?" అంటుంది.

"ఉన్న," అంటాను.

వంతెన దాటి ఇంటికి పోతే, ఆ మాట అడిగేవాళ్లు లేరు.