అమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టు

వనపర్తి నుంచి మా అమ్మకు నెట్‌లో కౌన్సెలింగ్ చేసిన మేడం ఇక లేరు. ఎప్పటిలాగే మంగళవారం గద్వాల నెట్ సెంటర్‌లో కూర్చున్నాక ఆ సంగతి తెలిసింది. "నేను వాళ్ళ చెల్లెల్ని. అక్క ఆదివారం గుండె ఆగి పోయింది. మీరు ఎదురుచూస్తారని చెబుతున్నా" అని తెర మీద అక్షరాలు వచ్చాయి. అమ్మ పక్క కుర్చీలో కొంగు సర్దుకుని, "ఏమంటుందిరా మేడం?" అంది.

"ఒంట్లో బాగలేదంట. ఈ వారం రాదంట."

అబద్ధం. ఆ వారం అమ్మ చేయాల్సిన పని అన్నిటికంటే కష్టమైంది. ఈ కబురు వింటే ఆరు వారాల శ్రమ ఏమైపోతుందోనని భయపడ్డాను.

ఆమెను మేం ఎన్నడూ చూడలేదు. గొంతైనా వినలేదు. ఆ సెంటర్‌లో మైకు పనిచేసేది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకోవడమే.

దసరా అయిన నాలుగు రోజులకు తుంగభద్ర అలంపూర్‌లో మా ఇంట్లోకి వచ్చింది. నీళ్ళు తీశాక కూడా అమ్మ ఆ గడప తొక్కలేదు. మేనమామ ఇంట్లో మిద్దె మీది గదిలో ఉంటూ, మబ్బు పడితే చాలు అన్నం ముందు నుంచి లేచిపోయేది. మనిషి సగమైంది. వరద బాధితులకు నెట్‌లో కౌన్సెలింగ్ అని శిబిరంలో ఎవరో కాగితం పంచితే నాకు ఒళ్ళు మండింది. కరపత్రాలు చదివి లోకాన్ని తెలుసుకున్నవాణ్ణి. ఇళ్ళు పోయినవాళ్ళకు మాటలిస్తారా అని నిలదీయడానికే మొదటిసారి వెళ్ళాను. అమ్మను రుజువుగా తీసుకెళ్ళాను.

అమ్మ చెబుతుంటే నేను కొట్టాలి. కొట్టాను. పాలకుల నిర్లక్ష్యం, పునరావాసం, మా డిమాండ్లు. ఒక కరపత్రానికి సరిపోయేంత. జవాబు వచ్చింది: "తమ్ముడూ, ఇందులో అమ్మ ఏది? అమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టు. నీ కోపం న్యాయమైనదే. దానికి చివర్లో పది నిమిషాలు పెట్టుకుందాం."

అమ్మ అడిగితే చదివి వినిపించక తప్పలేదు.

"గింతసేపు నేను చెప్పింది తుంగభద్రల కలిపినవారా? గొళ్ళెం సంగతి చెప్పిన గద!"

చెప్పింది. నేనే వినలేదు. ఆ పొద్దున నీళ్ళు తలుపు కొడుతుంటే పక్కింటివాళ్ళనుకుని అమ్మ గొళ్ళెం తీసింది. "నేనే లోపలికి పిలిస్తిని" అని అప్పటినుంచీ తనను తాను తిట్టుకుంటోంది. ఈసారి పొల్లుపోకుండా కొట్టాను.

మేడం ఓదార్చలేదు. "తీయకపోతే ఏమయ్యేదో ఇద్దరూ ఆలోచించి చెప్పండి" అన్నారు. అంతలో కరెంటు పోయింది. కరెంటు పోతే కంగారు పడొద్దని, ఆగిన చోటినుంచే మొదలుపెడదామని ఆమె ముందే చెప్పి ఉంచారు. ఫ్యాను ఆగిన గదిలో అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి అంది: "మనింటి మిద్దె మెట్లు బయటనే గదరా ఉన్నయి. తలుపు తీయకుంటే ఎట్ల ఎక్కుదుము?"

కరెంటు వచ్చాక అదే కొట్టాను. "ఇది నేను చెప్పి ఉంటే అమ్మ నమ్మేది కాదు" అని మేడం రాశారు.

ఆమె పద్ధతే అది. మునిగిన ఇంటివైపు ఈ వారం ఎంతవరకు వెళ్ళగలవో అమ్మనే అడిగేవారు. మొదటి వారం వీధి మలుపు, తర్వాత అరుగు, ఆ తర్వాత గడప. ప్రతిసారీ చివర్లో, "నేను చెప్పినవాటిలో ఏది పనికిరాలేదు?" అనేవారు.

"ఆ ఊపిరి పీల్చుడు నాకు గిట్టదు, తల తిరుగుతది. బియ్యం ఏరుకుంట కూసుంటే జర నిమ్మలమైతది" అంది అమ్మ ఒకసారి.

"అయితే ఊపిరి తీసేద్దాం, బియ్యం పెట్టుకుందాం" అని వచ్చింది. చదివితే అమ్మ వరద తర్వాత మొదటిసారి నవ్వింది.

నా పది నిమిషాలు నాకు ఇచ్చేవారు. తిట్టిందంతా చదివి, "ఇందులో రేపు నీ చేతనయ్యేది ఏది?" అనేవారు. ఎంత కోపమొచ్చేదో! కానీ మరునాడు వాడకట్టు వాళ్ళకు అర్జీలు రాస్తూ కూర్చునేవాణ్ణి.

ఈ వారానికి అనుకున్నది, ఆ ఇంటి లోపలి గదిలో పగటిపూట కాసేపు పడుకోవడం. తిరుగు బస్సులో అమ్మ నా మొహం చూసింది.

"నీకు అబద్ధమాడ రాదుర. ఏమైందో జెప్పు."

చెప్పాను. "ఆమెకు ఎంతమంది పిల్లలో కూడ అడగకపోతిమి" అంది. ముఖమే తెలియని మనిషి కోసం ఎట్లా ఏడవాలో నాకు తెలియలేదు.

"ఈ వారం వద్దులే అమ్మా."

"వద్దననీకె నువ్వెవనివిరా? నేనూ ఆమె అనుకున్న పని."

మరునాడు మధ్యాహ్నం అదను తప్పిన వాన. అమ్మ లోపలి గదిలో చాప పరిచింది. గోడ మీద నా భుజమెత్తున నీటి చార ఇంకా ఉంది. దాని కిందనే అటు తిరిగి పడుకుంది. కాసేపటికి సన్నగా గురక. బయట కాలువ నిండి, నీళ్ళు వాకిటి మొదటి మెట్టు మీదికి వచ్చాయి. లేపాలా వద్దా అని తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాను.