డెబ్బయి శాతం

మొన్న మంగళవారం పొద్దున ఏడుంబావుకు, ఆళ్లగడ్డలో మా స్నానాల గది నుంచి ముక్కు మండించే ఘాటు వచ్చింది. కాఫీ గ్లాసు కింద పెట్టి పోయి చూస్తే, మా నాయన పరిపించిన బేతంచెర్ల సున్నపురాయి బండల మీద తెల్లటి నురగ బుసబుసా పొంగుతోంది.

"ఏం పోస్తాండావమ్మా?" అన్నాను కోడలితో.

"యాసిడ్ అత్తా. మరకలు పోతాయన్యారు అంగట్లో."

"మరకలు గాదు, బండే పోతాంది."

ఆ నురగ నాకు తొమ్మిదో తరగతి నుంచీ తెలుసు; బక్కెట్టుడు నీళ్లు కుమ్మరించాను.

మాది చింతపండు అంగడి. వేసవిలో ఇల్లంతా ఆ పులుపు వాసన, గడ్డిలో మాగేసిన బనగానపల్లె మామిడిపండ్ల వాసన కలిసి ఉక్కపోస్తుంటే, చల్లటి బండల మీద చేరి మేము అచ్చనగాయలు ఆడేవాళ్లం. అంగట్లోంచి నాయన తరుగు చెప్పే గొంతు వినిపిస్తూ ఉండేది. చింతపండు ఎండేకొద్దీ తగ్గే బరువే తరుగు. తూకానికి ముందే దాన్ని పైకి చెప్పడం మా ఇంటి ఆచారం. "తరుగు దాచినోని మొగం చూడగూడదు" అనేవాడు.

తొమ్మిదో తరగతికి నన్ను నంద్యాలలో మేనత్త ఇంట్లో పెట్టాడు. సైన్సులో మంచి మార్కులొస్తేనే చదువు, లేకుంటే ఇంటికి అని ముందే చెప్పాడు.

బడి ప్రయోగశాల నిండా కుళ్లిన గుడ్ల కంపు, తుప్పు పట్టిన స్టాండ్లు. ఒక గ్రాము బండ ముక్క మీద యాసిడ్ పోసి, పుట్టిన కార్బన్ డయాక్సైడును నీళ్లు నింపి బోర్లించిన గాజు జాడీలోకి పట్టాలి. లెక్క ప్రకారం రెండు వందల నలభై సీసీలు రావాలి. నాకూ, నా జత మేరీకీ వచ్చింది నూట అరవై ఎనిమిది. అంటే డెబ్బయి శాతం. కొంత నీళ్లలో కరిగింది, కొంత బిరడా బిగించేలోపు పోయింది, బండలోనూ మట్టి ఉంది. అదంతా తరుగని రాశాను.

"తొంభై ఐదు రావల్ల. రెండొందల ఇరవై ఎనిమిదని దిద్దు" అన్నాడు సారు.

"అంత రాలేదు సార్."

"అయితే నీకు మార్కులూ రావు."

మేరీ అప్పటికే రబ్బరుతో చెరిపేసింది. గదిలో అందరికీ తొంభై ఐదే. నాకు సున్నా.

అన్నట్టే నాయన వచ్చి, చదువు మాన్పించి నన్ను ఇంటికి బస్సెక్కించాడు. దారిలో, తరుగు చెప్పే అదే గొంతుతో, "ఏందిమే, ఆ అంకె రాసింటే నీ సొమ్మేం పోతాండె?" అన్నాడు. నాకు వాంతయింది. డీజిలు వాసన పడలేదనుకుని చేతిలో నిమ్మకాయ పెట్టాడు.

నిన్న ఇదంతా చెబితే, కాలేజీలో చదివే మనవరాలు నవ్వింది. "మేం ప్రయోగం చేసేదే లేదవ్వా. రికార్డులో తొంభై ఎనిమిదని ఏస్తాం, అంతే." ఆ నవ్వు నాకు బండల ఘాటుకన్నా ఎక్కువ మండింది.

పోయినవి: బండలు నాలుగు. వాయువు డెబ్బయి రెండు సీసీలు. నంద్యాలలో మిగిలిన చదువంతా. నాయన నోటి తరుగు మీద నా నమ్మకం, నూటికి నూరూ.