బోదెలోకి దిగిన మెకానిక్కుగారు

మా పక్కింటి మెకానిక్కుగారు పోయారని మొన్న ఉదయం పాలు పోసే ఆమె చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఆ మాట విన్న క్షణంలో నా మనసులో మొదట మెదిలినది దుఃఖం కాదు. నా గురించి ఒక సంగతి తెలిసిన ఏకైక వ్యక్తి ఇక లేరన్న ఊరట. అటువంటి ఊరట నాలో పుట్టిందని గ్రహించగానే భయం వేసింది. ఆ భయమే నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా బస్సు డిపోలో పనిచేసి, రిటైరైన తరువాత మా పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. నేను హైస్కూలులో తెలుగు బోధించి రిటైరైనవాడిని. ఆయన షెడ్డుకు కట్టిన బోర్డులో రెండు తప్పులు చూపించి పరిచయం చేసుకున్నది నేనే.

"ఆయ్, దిద్దించేస్తానండి మాస్టారూ. మరి మీ కారు చప్పుడులో తప్పుంది, నేను చెప్పొచ్చాండి?" అన్నారాయన నవ్వుతూ.

ఆయన చెప్పినది నిజమే. నా పాత కారు కొంతకాలంగా దగ్గుతున్నట్టు మోగుతున్నది. ఆనాటి నుంచి ఆయన నా కారును బాగుచేయడం కాక, బాగుచేసుకోవడం నాకు నేర్పారు. అరవై దాటిన శిష్యుణ్ణి ఏనాడూ విసుక్కోలేదు.

ఒకసారి రాజోలులో స్పేరుపార్టుల దుకాణానికి వెళ్లాం. మెరిసే అట్టపెట్టెలో ఉన్న ఆయిల్ ఫిల్టరును నేను ఎంచుకున్నాను. ఆయన దానిని బయటికి తీసి, మూతి చుట్టూ ఉన్న రబ్బరు వలయాన్ని వేలితో నొక్కారు.

"చూడండి మాస్టారూ, బిస్కట్టులా ఉంది. నొక్కితే దిగి, మళ్లీ లేవాలండి. పాతదాని మూతి, కొత్తదాని మూతి పక్కపక్కన పెట్టి చూడండి. మరచుట్లు కలవాలి. పెట్టి మీద బొమ్మ చూసి కొంటే ఎలాగండీ?"

"మీరొచ్చిన రోజున నా బేరం గోదాట్లోకేనండి మెకానిక్కుగారూ," అన్నాడు దుకాణదారుడు.

"మీ బేరం కంటే మాస్టారి ఇంజను ఖరీదెక్కువండీ," అని, సాదా పెట్టెలో ఉన్న మరొక ఫిల్టరు తీయించారు.

ఫిల్టరు బిగించే ముందు ఆ రబ్బరుకు కొత్త నూనె వేలితో పూసేవారు. పాత రబ్బరు ఇంజనుకే అంటుకొని ఉండిపోయిందేమోనని తడిమి చూడనిదే కొత్తది పెట్టనిచ్చేవారు కాదు. చేత్తోనే బిగించాలి, పానా తగలరాదు. బిగించిన తేదీ, కిలోమీటర్లు దాని ఒంటి మీద రాయమనేవారు. నా గుండ్రని దస్తూరీ అంటే ఆయనకు ముచ్చట. ఇక విప్పిన పాత ఫిల్టరు విషయంలో మరీ పట్టుదల మనిషి. దాని నెత్తిన రంధ్రం పొడిచి, డబ్బా మీద బోర్లించి, ఒక పగలూ ఒక రాత్రీ కదపకూడదు. కారిన నూనెను క్యానులో నింపి, నెలకొకసారి అమలాపురంలో పాత నూనె తీసుకొనే వారికి అప్పగించి వచ్చేవారు. వీధిలో ఎవరైనా, గుంజలకు చెదలు పడుతున్నాయి, కాస్త పొయ్యండి అని అడిగితే ఇచ్చేవారు కాదు.

"వానొస్తే అదంతా పంటకాలవ బోదెలోకేనండి. బోదెలోంచి మన చేలోకి. ఒక్క గ్లాసుడు చాలండి, నీళ్లన్నీ పాడవడానికి."

మా పొలాల కింద గ్యాసు గొట్టం పోతున్నది. కారి అంటుకుంటే ఊరే తగలబడే ఆ గొట్టం పక్కన కాపురం ఉండేవారి భయం ఎటువంటిదో ఈ ప్రాంతపు పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఎక్కడ ఏ వాసన తగిలినా చేతిలోని ముద్ద నోటికి పోదు.

రెండేళ్ల కిందట, వానాకాలంలో, ఒక సాయంత్రం నేను ఫిల్టరు మారుస్తున్నాను. వియ్యాలవారు చెప్పకుండా బయలుదేరి, రాజోలు దాటామని ఫోను చేశారు. నా చేతులు మోచేతుల దాకా నలుపు. వారు వచ్చేసరికి వాకిట్లో నూనె కారుతున్న డబ్బా కనిపించడం నాకు నామోషీ అనిపించింది. పాత ఫిల్టరును ఉన్నదున్నట్టుగా పెరటి వెనక పంట బోదెలోకి విసిరివేశాను.

మరునాటి ఉదయం అంట్లు తోమడానికి బోదెకు వెళ్లిన ఎదురింటి మామ్మగారు కేక పెట్టింది.

"నీళ్ల మీద రంగులు తేలతన్నాయి! గొట్టం కారిపోతంది బాబోయ్! పొయ్యిలార్పండి!"

క్షణాల మీద వీధి ఖాళీ అయింది. పొయ్యిలు ఆర్పారు, ఫోనులు కట్టివేశారు, పశువులను విప్పి తోలారు, చంటిపిల్లలను ఎత్తుకొని రోడ్డు మీదికి పరుగెత్తారు. మా వియ్యపురాలు తడి జుట్టుతోనే పరుగెత్తింది. నీటి మీద ఆ రంగులు చూడగానే అవి ఎక్కడివో నాకు తెలిసిపోయింది. చుట్టూ నా దగ్గర చదువుకున్నవారు, పక్కన వియ్యాలవారు.

గొట్టం కంపెనీకి కబురు వెళ్లింది, కాని వారు రావడానికి గంటైనా పడుతుందన్నారు. మెకానిక్కుగారు ఒడ్డున వంగి, నీటిని వేలితో తాకి వాసన చూశారు.

"ఇంజనాయిలులాగే ఉందండి. మరెక్కణ్ణుంచి వచ్చినట్టు? ఎవరైనా పారబోసేరాండీ?" అని అందరినీ అడిగారు.

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు.

"అయితే చూడాలి," అని ఆయన ఒక్కరే మొలలోతు నీటిలోకి దిగారు. అడుగు వేసినచోటల్లా బురదలోంచి బుడగలు లేచాయి. "బుడగలు! గ్యాసే! వచ్చెయ్యండీ!" అని రోడ్డు మీద నుంచి అరుపులు. బురదను కదిపితే బుడగలు రావడం సహజమని నేను పిల్లలకు ఎన్నిసార్లో చెప్పి ఉంటాను. అయినా ఆ క్షణంలో నాకే అనుమానం పుట్టింది. నా ఫిల్టరుతో పాటు గొట్టం కూడా నిజంగానే కారుతున్నదేమో! అయినా నేను కదలలేదు. ఆయన నీటి మీద అల్లుకున్న గుర్రపుడెక్క కింద రెండు చేతులూ పెట్టి దేవుతూనే ఉన్నారు. చివరికి నల్లటి ఫిల్టరొకటి పైకి తీశారు. దానిమీది అక్షరాలు చూశారు. ఆ వైపును అరచేతిలోకి తిప్పుకున్నారు.

"ఏం లేదండి! ఎవరో ఫిల్టరు పారేసేరు. పొయ్యిలు వెలిగించుకోండి!"

మధ్యాహ్నం ఆయన దానిని పేపరులో చుట్టి, పెరటి దారిన తెచ్చి నా అరుగు మీద పెట్టారు.

"నూనంతా కారనివ్వలేదండి మాస్టారూ," అన్నారు. దానిని గోడవారకు జరిపి, "నూనె సంగతి కాదండి. రేపు నిజంగా గొట్టమే కారిందనుకోండి, ఎవడో నూనె పారబోసేడులే అని జనం ఇళ్లల్లోనే కూర్చుంటారండి. నా భయం అదీ. ఎవరు పడేసేరో, ఎందుకు పడేసేరో తెలిస్తే మళ్లీ ఎవరూ పడెయ్యరు. మీరే చెబుదురుగాని లెండి, వీలు చూసుకుని," అన్నారు.

నాకు రెండేళ్లూ వీలు చిక్కలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఎప్పటిలాగే వచ్చి నా కారు చప్పుడు వినిపోయేవారు. ఆయన గేటు తీసినప్పుడల్లా, ఈ రోజు అడుగుతారేమోనని బానెట్టు ఎత్తి తల అందులోకి పెట్టేసేవాడిని.

నిన్న వారి వాకిట్లో ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన మంచితనం గురించి రాసుకొని వెళ్లిన కాగితం చేతిలోనే ఉంది. దాన్ని మడిచి, ఫిల్టరు సంగతి చెప్పాను.

"ఆ రోజు విప్పేసిన నా గేదె మూడ్రోజులకి దొరికిందండి మాస్టారూ," అన్నది మామ్మగారు. ఎవరూ నవ్వలేదు.

అందరూ లేచి వెళుతుండగా మెకానిక్కుగారి భార్య నా దగ్గరకు వచ్చింది.

"ఆ రోజు దిగేముందు ఫోనూ, వాచీ తీసి నా చేతిలో పెట్టేరండి. నేను పైకి రాకపోతే మనవల్ని తీసుకుని మీ అన్నయ్యగారింటికి పో, అన్నారు. మీరప్పుడే చెప్పుంటే ఆయన దిగేవారు కాదు కదండీ?"

"దిగేవారు కాదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖం కేసి కాసేపు చూసి, ఒక ప్లాస్టిక్కు కుర్చీ లాగింది. రాత్రి వానకు నానిన ఇసుకలో దాని కాళ్లు ఒకవైపు దిగబడిపోతున్నాయి. "కూర్చోండి మాస్టారూ, పడిపోయేలా ఉన్నారు," అన్నది. నేను కూర్చున్నాను. కుర్చీ ఒరగకుండా ఆమె వెనకనుంచి రెండు చేతులతో పట్టుకొని, అలాగే నిలబడి ఉంది.